ఒక బండి ఇంజన్, ఇంకో బండి ఫ్రేమ్: మార్పిడిలో అసలు లెక్క ఎక్కడుంది?

ఒక మోటార్‌సైకిల్ ఇంజన్‌ని తీసి ఇంకో ఫ్రేమ్‌లో కూర్చోబెట్టే వీడియోలకు ఆన్‌లైన్‌లో కొదవ లేదు. దాదాపు అన్నీ ఒకేలా సాగుతాయి. ఇంజన్ గొలుసుకు వేలాడుతూ దిగుతుంది, ఇద్దరు పట్టుకుని అటూ ఇటూ సర్దుతారు, బోల్టు దూరుతుంది, చప్పట్లు వినిపిస్తాయి. చూసినవాళ్ళకు ఇది కొలతలు, వెల్డింగ్ మాత్రమే ఉన్న పనిలా కనిపిస్తుంది. కానీ చప్పట్లు వినిపించే సమయానికి పనిలో చిన్న భాగమే పూర్తయి ఉంటుంది.

క్లుప్తంగా

ఇంజన్ ఫ్రేమ్ గొట్టాల మధ్య పట్టడం ఈ పనిలో తేలికైన భాగం. ముందు స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ళచక్రం) ఏ స్థానంలో నిలిచింది, చైన్ లాగుడిని ఎవరు మోస్తున్నారు, ఇంజన్ వణుకు ఫ్రేమ్‌లో ఎటు పోతోంది అన్న మూడు ప్రశ్నలే మార్పిడి నిలుస్తుందా లేదా తేలుస్తాయి. కొత్త తరం బళ్ళలో వీటికి వైరింగ్ తోడైంది. బండి తయారయ్యాక రిజిస్ట్రేషన్ సంగతి వేరే ఉంటుంది.

ఇది ఎలా మొదలైంది

ఈ అలవాటు పాతదే. బ్రిటన్‌లో నార్టన్ కంపెనీ కోసం రెక్స్ మెక్‌కాండ్లెస్ తయారు చేసిన ఫెదర్‌బెడ్ ఫ్రేమ్ 1950లో రేసుల్లోకి వచ్చింది. రెండు పక్కలా ఇంజన్ చుట్టూ తిరిగి మెడ దగ్గర కలిసే గొట్టాలతో, అప్పటి ఫ్రేమ్‌లతో పోలిస్తే అది మలుపుల్లో చాలా స్థిరంగా ఉండేది. దాని మీద కూర్చుంటే ఈకల పరుపు మీద ఉన్నట్టుందని రేసర్ హెరాల్డ్ డానియెల్ అన్నమాటే దానికి పేరైంది. అదే కాలంలో ట్రయంఫ్ వాళ్ళ రెండు సిలిండర్ల ఇంజన్ చురుకైనదనీ, శక్తి పెంచుకోవడానికి వీలైనదనీ పేరు తెచ్చుకుంది. మంచి ఫ్రేమ్ ఒక చోట, నచ్చిన ఇంజన్ ఇంకో చోట ఉన్నాయన్నమాట. రెండిటినీ కలిపిన బండికి పేర్లు కూడా కలిపి ట్రైటన్ అన్నారు.

ఫ్రేమ్‌లు దొరకడం వెనక ఒక చిత్రమైన కారణం ఉంది. ఆ రోజుల్లో 500 సీసీ రేసింగ్ కార్లు కట్టేవాళ్ళకు నార్టన్ మాంక్స్ అనే రేసు బండి ఇంజన్ కావాలి, కంపెనీ మాత్రం ఇంజన్‌ని విడిగా అమ్మేది కాదు. దాంతో వాళ్ళు బండి మొత్తం కొని, ఇంజన్ పీకి కారులో పెట్టి, మిగతాది అమ్మేసేవారు. అలా ఇంజన్ లేని మేలైన ఫ్రేమ్‌లు బయటికొచ్చాయి. ట్రైటన్ కేవలం ముచ్చట కోసం చేసుకున్న బండి కాదనడానికి 1965 బార్సిలోనా 24 గంటల రేసు సాక్ష్యం. డేవ్ డెగెన్స్, రెక్స్ బుచర్ నడిపిన ట్రైటన్, డ్రెస్డా అనే వర్క్‌షాప్‌ది, అందులో గెలిచింది.

ఆ తర్వాత దారి రెండుగా చీలింది. దొరికిన ఫ్రేమ్‌లో దొరికిన ఇంజన్ పెట్టడం ఒకటి. ఇంజన్‌ని ముందు పెట్టుకుని దాని చుట్టూ కొత్త ఫ్రేమ్ కట్టడం రెండోది. స్విట్జర్లాండ్‌లో ఫ్రిట్జ్ ఎగ్లీ, విన్సెంట్ అనే బ్రిటిష్ కంపెనీ ఇంజన్ కోసం లావుపాటి ఒకే వెన్నెముక గొట్టంతో ఫ్రేమ్ కట్టాడు. బ్రిటన్‌లో రిక్మన్ సోదరులు తమ బండికి మెటిస్ అని పేరు పెట్టారు. ఫ్రెంచిలో ఆ మాటకు సంకరజాతి అని అర్థం, పేరులో దాపరికమేమీ లేదు. ఇటలీలో బిమోటా అయితే పద్ధతినే మోడల్ పేర్లలో పెట్టుకుంది: హెచ్‌బి అంటే హోండా ఇంజన్, ఎస్‌బి అంటే సుజుకి, కెబి అంటే కవసాకి, డిబి అంటే డుకాటి. 1970ల జపాన్ ఇంజన్ల శక్తికి వాటి ఫ్రేమ్‌లు తూగడం లేదన్న అసంతృప్తి మీదే ఇలాంటి కంపెనీలు నిలబడ్డాయి.

గేర్‌బాక్స్ విడిగా ఉందా, కలిసే ఉందా

మార్పిడి ఎంత కష్టమో మొదట తేల్చేది ఇదే. ఇప్పటి బళ్ళలో దాదాపు అన్నిటికీ ఇంజన్, క్లచ్, గేర్‌బాక్స్ ఒకే క్రాంక్‌కేస్‌లో, అంటే ఇంజన్ కింది లోహపు పెట్టెలో ఉంటాయి. ఒకటి దింపితే మూడూ దిగుతాయి. వాటి మధ్య దూరాలు కంపెనీలోనే ఖాయమై ఉంటాయి కాబట్టి బయట సరిచూడాల్సింది వెనక చక్రానికి వెళ్ళే చైన్ ఒక్కటే.

పాత బళ్ళలో అలా కాదు. ట్రయంఫ్ 650 ఇంజన్లకు 1962 మోడళ్ళ దాకా గేర్‌బాక్స్ వేరే పెట్టెలో ఉండేది, కలిపింది 1963లో. విడి గేర్‌బాక్స్‌తో ఒక సౌకర్యముంది. మందపాటి ప్లేట్ల సాయంతో దాన్ని కాస్త ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు, వేరే కంపెనీ గేర్‌బాక్స్ కూడా వాడుకోవచ్చు. ట్రైటన్ కట్టినవాళ్ళలో చాలామంది ఇలాంటి ఇంజన్నే ఇష్టపడడానికి ఇదో కారణం. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఇంజన్ నుంచి క్లచ్‌కి వెళ్ళే ప్రైమరీ చైన్, గేర్‌బాక్స్ నుంచి చక్రానికి వెళ్ళే చైన్, రెండూ తిన్నగా ఉండాలి. ఒకటి సరిచేస్తే రెండోది తప్పుతుంది. ప్లేట్లు పల్చనైతే గట్టిగా యాక్సిలరేటర్ తిప్పినప్పుడు గేర్‌బాక్స్ మెలితిరిగి ప్రైమరీ చైన్ అరిగిపోతుంది.

విడి గేర్‌బాక్స్‌ని కొత్త జోడీగా కలిపేటప్పుడు తిరిగే దిశ కూడా చూసుకోవాలి. ప్రైమరీ చైన్ అయితే క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) ఎటు తిరిగితే క్లచ్ అటే తిరుగుతుంది. దాని స్థానంలో పళ్ళచక్రాల జత ఉంటే దిశ తిరగబడుతుంది. ఈ లెక్క తప్పితే గేరు వేయగానే బండి వెనక్కి కదలడానికి చూస్తుంది. వినడానికి జోక్‌లా ఉంటుంది కానీ కాగితం మీద ఒక్క నిమిషంలో తేలే విషయాన్ని బండి మొత్తం బిగించాక కనిపెట్టడం సరదాగా ఉండదు.

చైన్ బదులు తిరిగే కడ్డీతో చక్రాన్ని తిప్పే షాఫ్ట్ డ్రైవ్ ఇంజన్ అయితే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి), వెనక హబ్ కూడా దాంతోపాటే రావాలి. అప్పుడు ఫ్రేమ్ వెనక సగం మార్చినట్టే లెక్క.

చిన్న స్ప్రాకెట్ దగ్గర మొదలు

అనుభవమున్నవాళ్ళు కొలత టేపుని ముందుగా ఇంజన్ మౌంటింగ్ రంధ్రాల దగ్గర పెట్టరు. వెనక చక్రాన్ని ఫ్రేమ్ మధ్య గీత మీద నిలబెట్టి, పెద్ద స్ప్రాకెట్ పళ్ళు ఏ తలంలో ఉన్నాయో చూసి, ముందు స్ప్రాకెట్‌ని అదే తలంలోకి తెస్తారు. ఇంజన్ ఎక్కడ నిలవాలో దాన్నిబట్టి తేలుతుంది. ఇంజన్ ఫ్రేమ్‌కి సరిగ్గా మధ్యలో ఉండాలన్న నియమమేమీ లేదు. కంపెనీ బళ్ళలోనే చాలావాటికి అది కొన్ని మిల్లీమీటర్లు పక్కకి ఉంటుంది. చైన్ మాత్రం తిన్నగా ఉండాలి. తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటితే స్ప్రాకెట్ పళ్ళు ఒక పక్క నుంచి సన్నబడడం మొదలవుతుంది.

వెనక వెడల్పు టైరు వేస్తే చైన్ టైరుకి రాసుకుంటుంది. దానికి బయటికి ఉబ్బిన ఆఫ్‌సెట్ స్ప్రాకెట్ వాడతారు. ఇది పనిచేసే ఉపాయమే, కాకపోతే ఊరికే రాదు. లాగుడు బేరింగ్ నుంచి ఎంత దూరం జరిగితే గేర్‌బాక్స్ షాఫ్ట్‌ని అంత ఎక్కువగా వంచుతుంది. స్ప్రాకెట్ బాగా బయటికి వస్తే దాని అవతలి పక్క ఇంకో బేరింగ్‌తో ఆసరా ఇవ్వాల్సి వస్తుంది.

పక్కకి జరగడం అందరికీ కనిపిస్తుంది. ముందుకు వెనక్కు, పైకి కిందికి జరగడం అంత తేలిగ్గా కనిపించదు. స్వింగ్ ఆర్మ్ ఒక కీలు మీద ఊగుతుంది, చైన్ ముందు స్ప్రాకెట్ అనే ఇంకో కేంద్రం చుట్టూ తిరుగుతుంది. ఈ రెండు కేంద్రాల మధ్య దూరం పెరిగేకొద్దీ చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు చైన్ బిగువు మారడం ఎక్కువవుతుంది. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ కీలు, వెనక ఇరుసు మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగువుగా ఉంటుంది. అందుకే బండి స్టాండు మీద ఉన్నప్పుడు సరిపెట్టిన చైన్ ఇద్దరు కూర్చుని గుంతలో పడగానే తీగలా బిగుసుకుపోతుంది. మార్పిడి చేసిన బళ్ళలో షాక్ అబ్జార్బర్ విప్పి, స్వింగ్ ఆర్మ్‌ని చేత్తో పూర్తిగా ఎత్తి దించుతూ చైన్ చూడాలనేది ఇందుకే. బిమోటా కొన్ని మోడళ్ళలో స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ కీలు రెండిటినీ ఒకే కేంద్రం మీద పెట్టి ఈ సమస్యని మూలంలోనే తీసేసింది. అంత సౌకర్యం మామూలు ఫ్రేమ్‌లో ఉండదు.

ఎత్తు మారితే ఇంకొకటి జరుగుతుంది. యాక్సిలరేటర్ తిప్పగానే బరువు వెనక్కి పడి షాక్ కుంగాలని చూస్తుంది. చైన్ పై వరస, స్వింగ్ ఆర్మ్ ఒకదానికొకటి కోణంలో ఉండడం వల్ల చైన్ లాగుడు ఆ కుంగుడుని కొంత ఆపుతుంది. ముందు స్ప్రాకెట్ పైకి జరిగితే ఆ కోణం తగ్గి వెనక భాగం ఎక్కువగా కుంగుతుంది. మలుపు నుంచి బయటికొస్తూ వేగం పెంచినప్పుడు బండి వెడల్పుగా పోతోందని, షాక్ పాడైందని అనుకుంటారు. తప్పు షాక్‌ది కాకపోవచ్చు.

ఎవరు ఎవరిని మోస్తున్నారు

చైన్ లాగుడు ఎంతుంటుందో ఒక ఉదాహరణతో చూడొచ్చు. క్రాంక్ దగ్గర 60 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), ఇంజన్ నుంచి క్లచ్‌కి ఉండే ప్రైమరీ నిష్పత్తి 2, మొదటి గేరు 2.6 అనుకుంటే ముందు స్ప్రాకెట్ దగ్గరికి అది 312 న్యూటన్ మీటర్లవుతుంది. 15 పళ్ళ స్ప్రాకెట్, 530 సైజు చైన్ అయితే ఆ స్ప్రాకెట్ వ్యాసార్థం సుమారు 38 మి.మీ. భాగిస్తే 8,200 న్యూటన్లు, అంటే 800 కిలోల పైచిలుకు బరువు వేలాడినట్టు. ఘర్షణలో కొంత పోతుంది, ఎంత తీసేసినా చిన్న బలం కాదు. ఇదంతా ఇంజన్‌ని వెనక చక్రం వైపు లాగుతుంది. పైగా చైన్ ఒక పక్కనే ఉంటుంది కాబట్టి ఇంజన్‌ని మెలితిప్పుతుంది కూడా. ఇంజన్ బరువుని మోస్తే చాలనుకుని పల్చటి రేకుతో చేసిన మౌంటింగ్ ప్లేట్లు కొన్నాళ్ళకే పగులుతాయి.

ఫ్రేమ్‌లలో రెండు జాతులున్నాయి. ఊయల లాంటి ఫ్రేమ్‌లో గొట్టాలు ఇంజన్ కింద నుంచి వెళ్ళి చుట్టేస్తాయి. ఇంజన్ తీసేసినా ఫ్రేమ్ తన ఆకారం తాను నిలుపుకుంటుంది. ఇంకో రకంలో కింది గొట్టాలు ఉండవు, ఆ పని ఇంజనే చేస్తుంది. 1946లో వచ్చిన విన్సెంట్ ర్యాపిడ్ సిరీస్ బి అలాంటిదే, ఇప్పటి బళ్ళలో ఎన్నో అలాంటివే. అక్కడ క్రాంక్‌కేస్ కూడా ఫ్రేమ్‌లో ఒక ముక్క.

భారం మోయడానికి తయారైన ఇంజన్‌ని ఊయల ఫ్రేమ్‌లో పెడితే పెద్ద ప్రమాదం లేదు. వ్యతిరేక దిశలో వెళ్తేనే చిక్కు. కింది గొట్టాలు లేని ఫ్రేమ్‌లో, ఊయలలో పెరిగిన ఇంజన్ పెడితే ఫ్రేమ్ మెలికలన్నీ అల్యూమినియం క్రాంక్‌కేస్ మీద పడతాయి. ఆ పోత అందుకోసం చేసింది కాదు. ముందుగా ఆయిల్ చెమర్చడం మొదలవుతుంది, తర్వాత మౌంటింగ్ చెవి విరుగుతుంది. కింద కొత్త గొట్టాలు వేసి ఊయలగా మార్చడమే దీనికి సరైన మందు.

ఫ్రేమ్ లోహం కూడా ఆలోచించాల్సిందే. మామూలు స్టీలు గొట్టం వెల్డింగ్‌ని సహిస్తుంది. వేడిచేసి గట్టిపరిచిన అల్యూమినియం ఫ్రేమ్‌కి వెల్డింగ్ చేస్తే ఆ చుట్టుపక్కల బలం తగ్గిపోతుంది, బయటికి మాత్రం తళతళలాడుతూ కనిపిస్తుంది. అలాంటి ఫ్రేమ్‌లకు బోల్టులతో బిగించే బ్రాకెట్లే మేలు.

వణుకు ఎటు పోతుంది

ఒకే సిలిండర్ ఇంజన్లకీ, పిస్టన్లు రెండూ కలిసి లేచి దిగే పాత బ్రిటిష్ ట్విన్‌లకీ (రెండు సిలిండర్ల ఇంజన్లకీ) ఇది పెద్ద సమస్య. పిస్టన్ పైకీ కిందికీ కదిలే బలాన్ని తగ్గించడానికి క్రాంక్ మీద ఎదురు బరువు పెడతారు. కానీ ఆ బరువు గుండ్రంగా తిరుగుతుంది కదా. నిలువు వణుకుని తగ్గించినంత మేరా అడ్డం వణుకుని పుట్టిస్తుంది. పిస్టన్ బరువులో ఎంత శాతాన్ని ఎదురు బరువు తూచిందన్నది బ్యాలెన్స్ ఫ్యాక్టర్. 50 శాతం దగ్గర వణుకు అన్ని దిశల్లో సమానంగా, సగమవుతుంది. శాతం పెంచితే నిలువు తగ్గి అడ్డం పెరుగుతుంది. అంటే ఈ సంఖ్య వణుకుని పూర్తిగా పోగొట్టదు, ఎటు పోవాలో చెబుతుంది.

కంపెనీ తన ఫ్రేమ్ ఏ దిశలో గట్టిదో చూసుకుని ఆ సంఖ్య పెట్టుకుంటుంది. ఫ్రేమ్ మారితే ఆ లెక్క చెల్లదు. అందుకే ట్రైటన్ కట్టేవాళ్ళలో శ్రద్ధ ఉన్నవాళ్ళు క్రాంక్‌ని ఫెదర్‌బెడ్‌కి తగ్గట్టు మళ్ళీ బ్యాలెన్స్ చేయించేవారు. సిలిండర్ వాలు మార్చినా ఇదే సంగతి, వణుకు దిశ కూడా ఇంజన్‌తో పాటే వాలిపోతుంది. ఆ బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 3,000 ఆర్‌పీఎం దగ్గర పట్టించుకోనంతగా ఉన్నది 6,000 దగ్గర నాలుగింతలవుతుంది. హ్యాండిల్ జివ్వుమనడంతో ఆగదు. ట్యాంకు సీములు చిట్లుతాయి, మడ్‌గార్డ్ స్టేలు తెగుతాయి, బల్బుల ఫిలమెంట్లు రాలిపోతాయి.

రబ్బరు బుష్‌లు వేస్తే సరిపోతుందనే సలహా తరచూ వినిపిస్తుంది. సగమే నిజం. నార్టన్ కమాండోలో రబ్బరు మౌంటింగ్ బాగా పనిచేసిందంటే, అందులో ఇంజన్, గేర్‌బాక్స్, స్వింగ్ ఆర్మ్ మూడూ ఒకే గుంపుగా రబ్బరు మీద ఉన్నాయి. చైన్ లాగుడు ఆ గుంపు లోపలే తేలిపోతుంది. స్వింగ్ ఆర్మ్ ఫ్రేమ్‌కి ఉండిపోయి ఇంజన్ ఒక్కటే మెత్తటి రబ్బరు మీద ఉంటే, ఆ 800 కిలోల లాగుడు ఇంజన్‌ని పక్కకి ఈడుస్తుంది. చైన్ ఎంత తిన్నగా పెట్టినా అది స్టాండు మీద ఉన్నప్పటి మాటే.

గేర్లు, బరువు, బ్రేకులు

చక్రం సైజు మారితే గేర్ల లెక్కా మారుతుంది. ప్రైమరీ 2.5, టాప్ గేరు 0.9, స్ప్రాకెట్లు 15, 42 పళ్ళు అనుకుంటే మొత్తం నిష్పత్తి 6.3. టైరు చుట్టుకొలత 2 మీటర్లయితే 6,000 ఆర్‌పీఎం దగ్గర వేగం గంటకు 114 కి.మీ. ముందు స్ప్రాకెట్‌లో ఒక్క పన్ను తగ్గించి 14 చేస్తే అది 107కి దిగుతుంది. వెనక మూడు పళ్ళు పెంచి 45 చేసినా ఫలితం సరిగ్గా అదే. ఖర్చుకి ముందుదే తేలిక, కానీ స్ప్రాకెట్ చిన్నదయ్యేకొద్దీ చైన్ ఎక్కువ వంగి త్వరగా అరుగుతుంది. స్పీడోమీటర్ సంకేతం గేర్‌బాక్స్ నుంచి వస్తుంటే అది కూడా ఇక అబద్ధం చెబుతుంది.

బరువు విషయంలో భయం కాస్త ఎక్కువే. మనిషితో కలిపి 280 కిలోల బండిలో 70 కిలోల ఇంజన్‌ని 30 మి.మీ. ముందుకు జరిపితే మొత్తం గరిమనాభి 7.5 మి.మీ. జరుగుతుంది. చక్రాల మధ్య దూరం 1,400 మి.మీ. అయితే ముందు చక్రం మీద పడే వాటా అర శాతం పెరుగుతుందంతే. స్ప్రాకెట్ ఒక సెంటీమీటర్ తప్పడం కన్నా ఇంజన్ ఒక సెంటీమీటర్ జరగడం చాలా తక్కువ నష్టం. బరువైన ఇంజన్ ఎక్కినప్పుడు మాత్రం ఫోర్క్ స్ప్రింగులు మార్చక తప్పదు.

బ్రేకుల లెక్క వేరు. గంటకు 80 కి.మీ. దగ్గర ఆగాల్సిన బండి 120 దగ్గర ఆగాలంటే బ్రేకులు పీల్చుకోవాల్సిన శక్తి 2.25 రెట్లు. 100 సీసీ బండి డ్రమ్ బ్రేకులు పెద్ద ఇంజన్‌తో బతికే మార్గం లేదు.

ఆయిల్, గాలి, వైర్లు

ఆయిల్‌ని తనలో నిలవ ఉంచుకోని డ్రై సంప్ ఇంజన్ అయితే విడిగా ఆయిల్ ట్యాంకు కావాలి, అది ఎక్కడ పెడితే అక్కడ కుదరదు. పంపుకి ఆయిల్ సాఫీగా అందాలి. ఆయిల్ తన అడుగునే ఉండే వెట్ సంప్ ఇంజన్‌ని ముందుకో వెనక్కో వాలిస్తే పంపు ఆయిల్ పీల్చే చోట మట్టం మారుతుంది, కార్బ్యురేటర్ ఉంటే అందులోని ఇంధనం మట్టం కూడా తప్పుతుంది. రేడియేటర్ ఉన్న ఇంజన్‌కి ముందు ఫోర్క్ పూర్తిగా కుంగినప్పుడు మడ్‌గార్డ్ తగలనంత జాగా ఉండాలి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె కుదరక చిన్న గుండ్రటి ఫిల్టర్లు పెట్టేస్తే ఇంధనం గాలి పాళ్ళు మారిపోయి మళ్ళీ ట్యూనింగ్ మొదటికొస్తుంది. ఇంకా ఒకటి తరచూ మరచిపోతారు: ఇంజన్ ఫ్రేమ్‌లో ఉండగానే హెడ్ విప్పడానికి పైన చోటుందా? లేకపోతే చిన్న పనికీ ఇంజన్ దింపాల్సిందే.

పాత బళ్ళలో వైరింగ్ ఒక పూట పని. కరెంటు పుట్టించే స్టేటర్, దాన్ని అదుపు చేసే రెగ్యులేటర్, స్పార్క్ ఇచ్చే సీడీఐ ఒకే ఇంజన్ కుటుంబానివైతే చాలు. ఇప్పటి ఇంజన్లకు అసలు తలనొప్పి ఇక్కడే. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ ఇసియు తాళం చెవిని గుర్తుపట్టాలి, మీటర్‌తో మాట్లాడాలి, సైడ్ స్టాండ్ స్విచ్, బండి పడిపోతే చెప్పే సెన్సార్, గేర్ పొజిషన్ సెన్సార్ అన్నీ బదులివ్వాలి. ఏ ఒక్కటి పలకకపోయినా స్టార్ట్ కాకపోవచ్చు. ఏబీఎస్ ఫ్రేమ్ వైపుది, ఇసియు ఇంజన్ వైపుది, రెండూ వేర్వేరు కంపెనీలవైతే వాటికి ఒకదాని భాష ఒకదానికి రాదు. అందుకే ఇంజన్ ఒక్కటే కొనడం కన్నా తాళం చెవి, ఇసియు, మీటర్, వైరింగ్ మొత్తంతో ఉన్న బండిని కొనడం చివరికి చవక పడుతుంది. 1950లలో ఇంజన్ కోసం బండి మొత్తం కొన్న కార్లవాళ్ళ పరిస్థితే తిరిగొచ్చిందన్నమాట, కారణం మాత్రం వేరు.

రెండు నంబర్ల బండి

చాలా దేశాల్లో చట్టం దృష్టిలో బండి అంటే ఫ్రేమ్ నంబరే. ఇంజన్ నంబర్ రికార్డులో ఉండే వివరం, అది మారితే నమోదు చేయించాలి. ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూపే కాగితం లేకపోతే దొంగ సొత్తు అనుమానం వస్తుంది. పొగ, శబ్దం నిబంధనలు ఏ సంవత్సరంవి వర్తిస్తాయి, ఫ్రేమ్‌వా ఇంజన్‌వా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. ఫ్రేమ్‌ని కోసి వెల్డ్ చేస్తే కొన్నిచోట్ల మళ్ళీ తనిఖీ అవసరమవుతుంది. బీమా కంపెనీకి చెప్పని మార్పు, ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్‌కి అడ్డం పడొచ్చు. ఇవన్నీ ఇంజన్ కొనకముందే అడగాల్సినవి. సాధారణంగా పెయింట్ ఆరాక అడుగుతారు.

మొదటి కొన్ని వందల కిలోమీటర్లు

ఒకే కంపెనీ, ఒకే కుటుంబం బళ్ళ మధ్య మార్పిడిలో మౌంటింగ్ రంధ్రాలు, స్ప్రాకెట్ స్థానం చాలావరకు కలుస్తాయి, పని రోజుల్లో తేలుతుంది. వేర్వేరు కంపెనీలవైతే నెలలు పట్టడం మామూలే. జాగ్రత్తగా చేసేవాళ్ళు ముందు లోపల ఏమీ లేని ఖాళీ క్రాంక్‌కేస్‌తో కొలతలు తీస్తారు, ప్లేట్లు అట్టముక్కతో కత్తిరించి చూస్తారు, వెల్డింగ్ చుక్కలుగా పెట్టి చైన్ మళ్ళీ చూసి, అప్పుడే పూర్తిగా అతుకుతారు. మౌంటింగ్‌కీ ఇంజన్‌కీ మధ్య సందు ఉంటే బోల్టు బిగించి లాగేయకుండా సరైన మందంలో స్పేసర్ (సందు నింపే లోహపు ముక్క) వేస్తారు. లేదంటే క్రాంక్‌కేస్ చెవి మొదటి రోజు నుంచే వంపులో ఉండిపోతుంది.

బండి రోడ్డెక్కాక చూడాల్సినవి పెద్ద పరికరాలు అడగవు. వంద కిలోమీటర్లకోసారి మౌంటింగ్ బోల్టుల బిగువు చూడాలి. వెనక స్ప్రాకెట్ పళ్ళ రెండు పక్కలా మెరుపు సమానంగా ఉందో లేదో చూడాలి. వెల్డింగ్ అంచున పెయింట్ మీద వెంట్రుక లాంటి గీత వచ్చిందా, మౌంటింగ్ ప్లేటుకీ ఇంజన్‌కీ మధ్య నుంచి ఎర్రటి సన్నటి పొడి రాలుతోందా అన్నవి ముఖ్యం. ఆ పొడి బురద కాదు. రెండు లోహపు ముఖాలు ఒకదానిమీద ఒకటి కదులుతూ అరిగిన తుప్పు అది. బోల్టు ఇంకా బిగువుగానే ఉన్నట్టు అనిపించినా, లోపల ఇంజన్ కదులుతోందన్నమాట.